మొదటి టోర్నమెంటుకు 2000 పాయింట్ల సైన్యం: లిస్టు కన్నా ముందు గడియారం సంగతి

అడిగింది ఇదీ: వార్‌హామర్ ది ఓల్డ్ వరల్డ్ (చిన్న సైనిక బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధం ఆట) స్నేహితులతో పది పన్నెండు సార్లు ఆడారు, ఇప్పుడు మొదటిసారి ఒకరోజు టోర్నమెంటుకు పేరిచ్చారు. 2000 పాయింట్లు (ప్రతి యూనిట్‌కూ, అంటే దళానికీ, పాయింట్లలో ఒక ధర ఉంటుంది), మూడు ఆటలు. లిస్టులో (తెచ్చే యూనిట్ల జాబితాలో) ఏం మార్చాలి, ఏమేం పట్టుకెళ్ళాలి, ఎక్కడ దెబ్బతింటాం?

లిస్టు ముట్టుకోకండి. చేతికి అలవాటైన సైన్యంతో ఆట వేగంగా నడుస్తుంది, టోర్నమెంటులో కొత్తవాళ్ళకి అన్నిటికన్నా ముందు కరువయ్యేది సమయమే. ఆటలో మూడో రౌండు మధ్యలో "టైమైపోయింది" అని వినబడిందంటే కాలిబలం ఎక్కువున్న సైన్యానికి తీరని నష్టం. అలాంటి సైన్యం శత్రువును చేరేసరికే మూడో రౌండు, పాయింట్లు రాబట్టేది నాలుగు, అయిదుల్లో. దూరం నుంచి బాణాలూ ఫిరంగులూ పేల్చేవాడు అప్పటికే తన పాయింట్లు మూటగట్టుకుని ఉంటాడు.

లెక్క వేసుకోండి. ఆటకు రెండుముప్పావు గంటలు ఇచ్చారనుకుందాం, అంటే 165 నిమిషాలు. టెర్రైన్ (బల్ల మీది కొండలు, అడవుల్లాంటివి) మాట్లాడుకోవడం, మంత్రాలు తేల్చుకోవడం, సైన్యాలు పేర్చడం కలిపి 25 పోతాయి. చివర్లో పాయింట్ల లెక్కకు 10. మిగిలిన 130 నిమిషాల్లో ఆరు రౌండ్లు, ఇద్దరికీ కలిపి 12 టర్నులు. సగటున టర్నుకు 11 నిమిషాలు కూడా లేవు. అయితే అన్ని టర్నులూ ఒకలా నడవవు. మొదటి రెండు రౌండ్లలో కొట్లాట ఉండదు కాబట్టి టర్ను 7 నిమిషాల్లో ముగించాలి. అప్పుడే మూడు, నాలుగు రౌండ్లలో టర్నుకు 15 నిమిషాలు ఖర్చుపెట్టే వీలుంటుంది, చివరి రెండు రౌండ్లకూ పదేసి నిమిషాలు మిగులుతాయి. ఇప్పటినుంచి ఆడే ప్రతి ఆటలో ఫోన్లో టైమర్ పెట్టుకుని మీ టర్ను ఎంత పడుతోందో రాసుకోండి. మీరు అనుకున్నదానికి రెండింతలు పడుతుంటే అందులో వింతేమీ లేదు, చాలామందికి అంతే.

ఆ సమయమంతా ఎక్కడ కారిపోతుంది? బొమ్మలు ఒక్కొక్కటిగా జరపడంలో, పుస్తకం తిరగేయడంలో, ఇంకా మన టర్ను వచ్చాక ఆలోచన మొదలుపెట్టడంలో. మూడోదానికి మందు తేలిక: అవతలివాడు ఆడుతున్నప్పుడే మన చార్జ్‌లు (శత్రువు మీదికి దూకే దాడులు) తేల్చుకోవాలి. మొదటిదానికి మాత్రం ఇంటి దగ్గరే పని ఉంది.

మూవ్‌మెంట్ ట్రేలు (యూనిట్ మొత్తాన్ని ఒకేసారి జరిపే పళ్ళేలు) లేకుండా వెళ్ళకండి. 25 మి.మీ. బేసుల (బొమ్మ కాళ్ళ కింది చదరపు పీటల) మీద 20 మంది సైనికులు, అయిదేసి మంది నాలుగు వరుసలైతే లెక్క ప్రకారం 125 × 100 మి.మీ. కానీ రంగు, ఇసుక, గడ్డి అంటించాక బేసులు కొద్దిగా ఉబ్బుతాయి, సరిగ్గా 125కి కోసిన ట్రేలో అయిదోవాడు పట్టడు. లోపలి కొలత 127 × 102 పెట్టుకోండి. ట్రే అంచు యూనిట్ కొలతలోకి రాదు, దూరం ఎప్పుడూ ముందు వరుస బేసుల నుంచే కొలవాలి. ముందువైపు అంచు లేని ట్రే అయితే ఆ గొడవే ఉండదు. ట్రేలో పలుచని ఇనుప రేకు, బేసు కింద 5 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. మందం ఉన్న మాగ్నెట్ ఉంటే ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి యూనిట్ మొత్తాన్ని ఎత్తుకెళ్ళొచ్చు. బేసు అడుగు బోలుగా ఉంటుంది. మాగ్నెట్ లోపలే అంటించేస్తే రేకుకు తగలదు, పట్టు ఉండదు. కింద చిన్న ప్లాస్టిక్ ముక్కో పుట్టీయో పెట్టి బేసు అంచుతో సమంగా తేవాలి.

ఇంకో చిన్న పని, దీని విలువ మూడో ఆటకు తెలుస్తుంది. ఈటెలు పట్టుకున్న బొమ్మలు ఎవరి పక్కన పడితే వాళ్ళ పక్కన ఇమడవు. ఒకసారి కుదిరిన వరుసను పట్టుకుని ప్రతి బేసు అడుగున 1 నుంచి 20 దాకా అంకెలు వేసేయండి.

2015లో పాత వార్‌హామర్ ఆగిపోకముందు కొన్న సైన్యమైతే బేసులు చూసుకోండి. 2024లో ఓల్డ్ వరల్డ్ వచ్చినప్పుడు మామూలు మనుషుల బేసు 20 నుంచి 25 మి.మీ.కి, ఆర్క్‌లది 25 నుంచి 30కి, గుర్రపు రౌతులది 25 × 50 నుంచి 30 × 60కి పెరిగాయి. పాత బేసుల్ని కొత్త కొలతలో కూర్చోబెట్టే అడాప్టర్ ట్రేలు ఉన్నాయి. వాటిని ఒప్పుకుంటారా లేదా అన్నది నిర్వాహకుల ఇష్టం, ముందే అడిగి రాతలో జవాబు తీసుకోండి.

అదే ఊపులో ఈవెంట్ ప్యాక్ (నిర్వాహకులు ఇచ్చే టోర్నమెంటు నియమాల పత్రం) మొత్తం చదవండి. లిస్టు ఎప్పటిలోగా పంపాలి, ఏ తేదీ దాకా వచ్చిన ఎఫ్‌ఏక్యూ (నియమాలకు వివరణలు) చెల్లుతుంది, రంగు వేయని బొమ్మలు పనికొస్తాయా, ఒకదాని బదులు ఇంకోటి పెట్టొచ్చా, స్కోరు గెలుపోటములదా లేక పాయింట్ల తేడాదా. చివరిది మీ ఆటనే మార్చేస్తుంది. తేడాతో స్కోరిచ్చే చోట ఓడిపోతున్న ఆటలో కూడా ఒక పెద్ద యూనిట్‌ను వెనక్కి లాగి కాపాడుకోవడం పనికొచ్చే పనే. శాతాలు కూడా ఒకసారి సరిచూడండి. చాలా సైన్యాలకు కోర్ (సైన్యానికి వెన్నెముకైన మామూలు దళాలు) కనీసం 25 శాతం, అంటే 500 పాయింట్లు. 498 ఉన్న లిస్టు చెల్లదు, "రెండే కదా" అంటే ఎవరూ వినరు.

ఇక బల్ల మీదికి వస్తే, ఇంట్లో పులి వీధిలో పిల్లి అయ్యేది వీల్ (ఒక మూలను కదపకుండా యూనిట్‌ను పక్కకు తిప్పడం) తిరిగే దగ్గరే. స్నేహితుల మధ్య వీల్‌ను కంటి అంచనాతో తిప్పేస్తాం. టోర్నమెంటులో బయటి మూల ఎంత తిరిగిందో కొలుస్తారు. అయిదుగురి వరుస వెడల్పు 125 మి.మీ., సుమారు 5 అంగుళాలు. అది 45 డిగ్రీలు తిరిగితే బయటి మూల దాదాపు 4 అంగుళాలు నడుస్తుంది. కదలిక 4 ఉన్న కాలిబలానికి ఆ టర్ను కదలికంతా అక్కడే అయిపోయినట్టు. 90 డిగ్రీలకు దాదాపు 8, అంటే మార్చ్ (రెట్టింపు నడక) మొత్తం. పదిమంది వెడల్పుతో నిలబెడితే ఖర్చు రెట్టింపు. టేప్‌ను మూల నుంచి మూలకు తిన్నగా పెట్టి కొలిస్తే 90 డిగ్రీల వీల్ 7 అంగుళాలే అనిపిస్తుంది. అలా కొలిచేవాడు తెలిసో తెలియకో దాదాపు ముప్పావు అంగుళం దొంగిలిస్తున్నట్టే. అందుకే పేర్చేటప్పుడే యూనిట్లు తాము వెళ్ళవలసిన దిక్కు చూసేలా పెట్టండి. తర్వాత తిప్పుదాంలే అనుకున్న యూనిట్ రెండో రౌండంతా తిరుగుతూనే ఉంటుంది.

పేర్చడంలో ఇంకో మాట. ఇద్దరూ ఒక్కొక్క యూనిట్ చొప్పున మార్చి మార్చి పెట్టే పద్ధతైతే చవకవి, ఎక్కడున్నా పర్వాలేదనిపించేవి ముందు పెట్టి, ఖరీదైన గుర్రపు దళాన్నీ రాక్షసుల్నీ చివరిదాకా దాచుకోండి. యూనిట్‌కూ యూనిట్‌కూ మధ్య ఒక అంగుళం కన్నా కొంచెం ఎక్కువే వదలండి. వీల్ తిరిగినప్పుడు పక్క యూనిట్ మూల తగిలి ఆగిపోవడం చాలా మామూలు తప్పు.

చార్జ్ దూరాల గణితం నోటికి రావాలి. ఓల్డ్ వరల్డ్‌లో రెండు పాచికలు వేసి, తక్కువది వదిలేసి, ఎక్కువదాన్ని కదలికకు కలుపుతారు. కదలిక 4 అయితే గరిష్ఠం 10 అంగుళాలు. శత్రువు 7 అంగుళాల్లో ఉంటే చేరే అవకాశం 89 శాతం, 8లో 75, 9లో 56, 10లో 31. ఎనిమిది దాటాక చార్జ్ అంటే జూదమే. ఓడితే యూనిట్ కొంచెం ముందుకు జరిగి శత్రువు ముంగిట ఖాళీగా నిలబడుతుంది, వచ్చే టర్ను దెబ్బ వాడిదే. స్విఫ్ట్‌స్ట్రైడ్ (చార్జ్ దూరం పెంచే ప్రత్యేక నియమం) ఉన్నవాళ్ళకు లెక్క వేరు, మీ సైన్యంలో ఎవరికుందో లిస్టు మీదే గుర్తుపెట్టుకోండి.

ముందుగా కొలవడానికి నియమాలు ఒప్పుకుంటాయి కనుక ఉద్దేశాన్ని నోటితో చెప్పడం అలవాటు చేసుకోండి: "మీ రౌతులకు నా ఈటెలవాళ్ళ పక్కభాగం కనబడకుండా ఇక్కడ ఆపుతున్నాను, ఒకసారి మీరూ చూడండి." ప్రత్యర్థి వంగి చూసి సరే అన్నాడంటే తర్వాతి టర్నులో మిల్లీమీటర్ల మీద తగవు ఉండదు. టోర్నమెంటు ఆటల్లో పుట్టే గొడవల్లో సగం ఈ ఒక్క మాటతో పోతాయని నా నమ్మకం. మరొకటి: 8 అంగుళాల్లోపు శత్రువు ఉంటే మార్చ్ చేయడానికి లీడర్‌షిప్ పరీక్ష (రెండు పాచికల మొత్తం యూనిట్ లీడర్‌షిప్ అంకెను దాటకూడదు) నెగ్గాలి. ఇంటి ఆటల్లో దీన్ని ఇద్దరూ కలిసే మర్చిపోతారు.

కొట్లాట ఫలితం దగ్గర పుస్తకం తెరిచే పని లేకుండా ఒక కార్డు రాసుకోండి. కొట్లాటలో ఓడిన యూనిట్ వేసే బ్రేక్ పరీక్షకు మూడు ఫలితాలున్నాయి. పాచికల మొత్తమే లీడర్‌షిప్ దాటితే యూనిట్ చెదిరి పారిపోతుంది. దాటకుండా, ఓడిన తేడా కలిపాక దాటితే క్రమంగా వెనక్కి తగ్గుతుంది. కలిపినా దాటకపోతే కాస్త చోటిచ్చి నిలబడుతుంది. లీడర్‌షిప్ 7 ఉన్న యూనిట్ 2 తేడాతో ఓడిందనుకోండి. 5 లేదా తక్కువ పడితే నిలుస్తుంది, అది 28 శాతం. 6, 7 పడితే వెనక్కి తగ్గుతుంది, 31 శాతం. 8, ఆ పైన పడితే పరుగే, 42 శాతం. అదే యూనిట్ జనరల్ దగ్గరుండి లీడర్‌షిప్ 9 వాడుకుంటే పారిపోయేది 17 శాతమే. మామూలు సైనికులతో నిండిన సైన్యంలో జనరల్‌ను వీరత్వం చూపించడానికి ఒక అంచుకు తోలితే మధ్యనున్న వరుసలు ఎందుకు కూలతాయో ఈ అంకెల్లోనే ఉంది.

మంత్రాలు మర్చిపోవడం ఇంకో పెద్ద చిల్లు. ఈ ఆటలో వేరే మ్యాజిక్ ఫేజ్ (టర్నులో ఒక దశ) లేదు. బలం పెంచేవీ శాపాలూ స్ట్రాటజీ ఫేజ్‌లో, చోటు మార్చేవి మూవ్‌మెంట్‌లో, దూరం నుంచి కొట్టేవి షూటింగ్‌లో, చేతికందే దూరంలోవి కంబాట్‌లో వేస్తారు. ఫేజ్ దాటాక గుర్తొస్తే ప్రత్యర్థి దయే దిక్కు, అడగకపోవడమే మర్యాద. ఒక్కో మంత్రానికి ఒక చీటీ రాసి, ఫేజ్‌ల వరుసలో టేబుల్ అంచున పేర్చుకోండి. వేసినదాన్ని తిరగేయండి.

పట్టుకెళ్ళవలసినవి: లిస్టు రెండు కాపీలు (ఒకటి ప్రత్యర్థికి, మ్యాజిక్ వస్తువులకు గీత గీసి), టేపు, ఇరుకు చోట్లకు ఒక చిన్న కొలకర్ర, ఒకే రంగు పాచికలు పాతిక, నాయకుడి దెబ్బలకు వేరే రంగువి అయిదు. మీకు రాళ్ళు విసిరే యంత్రమో ఫిరంగో ఉంటే ఆర్టిలరీ పాచిక, స్కాటర్ పాచిక, 3, 5 అంగుళాల గుండ్రటి టెంప్లెట్లు. గాయాలకు, పారిపోయే యూనిట్లకు గుర్తులు. సూపర్‌గ్లూ తప్పనిసరి, విరిగే ఈటె ఎలాగూ విరుగుతుంది. ఆటల మధ్య సైన్యాన్ని మోయడానికి అంచులున్న పళ్ళెం.

పాచికలు వేసే తీరు మీద కూడా ఒక మాట. వంకరగా ఆగిన పాచిక మళ్ళీ వేయాలని ఆట మొదలవకముందే ఒప్పుకోండి. వేసేముందు "పది దెబ్బలు, 4కి తగులుతాయి" అని బయటికి అనండి. తప్పినవి తీసేసి తగిలినవి టేబుల్ మీదే ఉంచండి, అవతలివాడికి కనబడాలి. తగిలినవాటినే ఎత్తి మళ్ళీ వేసేవాళ్ళమీద అనుమానం రావడం సహజం, వాళ్ళు ఎంత నిజాయితీపరులైనా. నియమం మీద పేచీ వస్తే ఒక నిమిషం వెతకండి, దొరకకపోతే జడ్జిని పిలవండి. జడ్జిని పిలవడం నింద వేయడం కాదు, టైము కాపాడుకోవడం. చెప్పిన తీర్పు తప్పనిపించినా ఆ ఆటకు అదే నియమం.

ఇది కింగ్స్ ఆఫ్ వార్ అనే ఇలాంటి ఇంకో ఆట అయ్యుంటే నేను ఇంత పొడుగ్గా రాసేవాడిని కాదు. అందులో యూనిట్ మొత్తం ఒకే ముక్క, సైనికుల్ని తీయడం ఉండదు, చెస్ క్లాక్ (ఇద్దరి సమయాన్నీ విడివిడిగా లెక్కపెట్టే గడియారం) పెట్టి ఆడటం అక్కడ మామూలు సంగతి. ఓల్డ్ వరల్డ్‌లోనూ ప్రత్యర్థి ఒప్పుకుంటే ఫోన్లో చెస్ క్లాక్ యాప్ పెట్టుకోవచ్చు, కానీ మొదటి టోర్నమెంటులో మీరుగా అడగకండి, మీ గొంతుకే ఉరి బిగుస్తుంది.

ఆఖరి అరగంటలో ఒక పని చేయండి. గడియారం చూసి "ఇంకో పూర్తి రౌండు పడుతుందా?" అని ఇద్దరూ కలిసి తేల్చుకోండి. ఒకరు ఆడి రెండోవాడు ఆడకుండా ఆగే రౌండు మొదలుపెట్టకూడదు. పడదనుకుంటే అక్కడే ఆపి, ఇద్దరి లిస్టులూ పక్కపక్కన పెట్టి పోయిన యూనిట్లకు ఒక్కొక్కటిగా గీత కొట్టుకుంటూ పాయింట్లు కలపండి. స్కోరు చీటీ మీద ఇద్దరి సంతకాలూ పడ్డాకే బొమ్మలు ఎత్తండి. ముందే ఎత్తేస్తే పారిపోతున్న యూనిట్ బల్ల మీద ఉందా, అంచు దాటిందా అన్నది తేల్చడానికి సాక్ష్యం ఉండదు.