ఏడిస్తే విశ్వాసం లేనట్టేనా?

చెల్లెమ్మా, మీ ఉత్తరం మొత్తం చదివాను. మిగతావాళ్ళకి అర్థం కావాలి కాబట్టి ఊరూ పేరూ లేకుండా విషయం రెండు ముక్కల్లో చెప్తాను. ఈవిడది గుంటూరు వైపు, వయసు 41, ఇద్దరు పిల్లలు. భర్త లివర్ జబ్బుతో హాస్పిటల్లో ఉండి ఎనిమిది నెలల క్రితం చనిపోయారు, ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే ఐదు నెలలకి అమ్మ కూడా పోయింది. ఆయన ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ చర్చి అంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. ఇప్పుడు ఆదివారం పాట మొదలవగానే ఈవిడకి ఏడుపొచ్చేస్తోంది, పక్కన కూర్చున్నవాళ్ళేమో "ఆయన ప్రభువు దగ్గరున్నాడు కదమ్మా, ఇంకా ఏడుపేంటి, చూసేవాళ్ళ ముందు మన విశ్వాసానికి సాక్ష్యం పోతుంది" అంటున్నారట. ఒకావిడైతే ఎక్కడో విశ్వాసం లోపించింది కాబట్టే స్వస్థత రాలేదని మొహం మీదే అనేసింది. "ప్రార్థనకి మోకరిస్తే ఒక్క మాట రావట్లేదండీ, నేను దేవునికి దూరమైపోయానా" అని మీ ప్రశ్న.

లేదమ్మా, దూరం కాలేదు. ఆ "విశ్వాసం లోపించింది" అన్న మాట సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికంటే లోతుగా గుచ్చుకుంది అదే అని నాకు తెలుస్తోంది. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, నా దగ్గర్నుంచి తొలగిపోనీ అని ప్రార్థించాడు, తొలగలేదు. అపొస్తలుడు పౌలు తన శరీరంలో ముల్లు, అంటే తనని వేధించే బాధ, తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, తియ్యలేదు. వాళ్ళకి విశ్వాసం తక్కువైందని ఏ పాస్టరుగారైనా వాక్యం చెప్తారా? మరి అదే మాట ఒక విధవరాలి ముందు ఎంత ఈజీగా అనేస్తారో చూడండి! ఇలాంటి మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది, నిజం చెప్తున్నా. ఆవిడ మళ్ళీ ఎదురైతే "ఆ మాట నన్ను బాధ పెట్టింది అక్కా, ఇంకోసారి అనొద్దు" అని చెప్పండి చాలు, వాదన పెట్టుకోవద్దు.

ఇక ఏడుపు గురించి. యోహాను సువార్త 11వ అధ్యాయం మీకు తెలిసిందే, కానీ ఈసారి మార్త, మరియ అక్కాచెల్లెళ్ళిద్దర్నీ పక్కపక్కన పెట్టి చదవండి. వీళ్ళ సహోదరుడు లాజరు చనిపోయి నాలుగు రోజులైంది, ముందు మార్త ఎదురెళ్ళి "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అంది. తర్వాత మరియ వచ్చి కాళ్ళ మీద పడి అదే మాట అంది. అది స్తుతి కాదు కదా, నిష్ఠూరం, కబురంపితే టైముకి రాలేదేం అని. ఇద్దర్నీ ఆయన గద్దించలేదు. మార్తతో పునరుత్థానం గురించి మాట్లాడాడు, మరియ ఏడుస్తుంటే మాత్రం బోధ చెయ్యలేదు, సమాధి ఎక్కడా అని అడిగాడు, ఆయనా ఏడ్చాడు. ఇంకాసేపట్లో లాజరుని లేపబోతున్నాడని తెలిసి కూడా ఏడ్చాడు! అలాంటప్పుడు మళ్ళీ కలుస్తాం అనే నిరీక్షణ ఉన్నవాళ్ళకి ఏడుపు రాకూడదని ఎవరు చెప్పారు. పౌలు థెస్సలొనీకయులకి రాసిన ఉత్తరం చూపించి దుఃఖపడొద్దని రాసుంది అనేవాళ్ళు ఆ వచనం సగమే చెప్తున్నారు, పౌలు అన్నది నిరీక్షణ లేనివాళ్ళలాగా దుఃఖపడొద్దని. ఆ ఆశ ఆదరణే, నాకు అందులో సందేహం లేదు, కాకపోతే అది మీ నోరు మూయించడానికి ఇచ్చింది కాదు.

ప్రార్థనకి మాట రావట్లేదన్నారు. రాకపోతే సొంతంగా కూర్చుకోకండి, కీర్తనల్లో ఉన్నవి అరువు తెచ్చుకోండి. రాత్రి పిల్లలు పడుకున్నాక 13వ కీర్తన పైకి చదవండి, ఎన్నాళ్ళు నన్ను మర్చిపోతావు అని మొదలవుతుంది, ఆరు వచనాలే. ఇంకా బరువుగా ఉన్న రోజు 88. అది చివరిదాకా చీకట్లోనే ఉంటుంది, ఆఖర్లో కూడా స్తోత్రం అని ముగించదు, అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. అది చదివి ఆమెన్ అనేసి పడుకోండి, ఆ పూటకి ప్రార్థన అయిపోయినట్టే.

మీ ఆయన బైబిల్లో మధ్యలో పెట్టిన కళ్ళజోడు అలాగే ఉంచానని, తీసేసి ఎవరికైనా ఇచ్చెయ్యమని ఆడపడుచు గొడవ చేస్తోందని రాశారు. ఉంచుకోండి, ఎవరికేం నష్టం. మీకు తియ్యాలనిపించిన రోజున మీరే తీస్తారు.

కానీ ఒక్క లైను దగ్గర నేను ఆగిపోయాను. "ఆయన దగ్గరికి వెళ్ళిపోతే బాగుండనిపిస్తుంది" అన్నారు. మన విశ్వాసుల ఇళ్ళల్లో ఈ మాట భక్తిగా వినపడుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, నేను పట్టించుకుంటున్నా. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగానే అడుగుతున్నా, వస్తుంటే ఇవాళే మీ అన్నయ్యకి చెప్పండి, 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అని గవర్నమెంటుదే, ఫ్రీ, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నిద్ర లేదు, తిండి సయించట్లేదు అని కూడా రాశారు కాబట్టి డాక్టర్ని కలవడం మాత్రం ఎలాగూ తప్పదు. మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. ఏలీయా ప్రవక్త అంతటివాడు చెట్టు కింద కూలబడి నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చెప్పలేదు, నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్ళు పంపించాడు, అదీ రెండుసార్లు.

బాబు విషయానికొస్తే, తొమ్మిదో క్లాసు పిల్లాడు "మనం అడిగితే దేవుడు వినలేదుగా, నేను చర్చికి రాను" అంటున్నాడంటే వాడు చెడిపోయాడని కాదు, వాడికీ నాన్న పోయాడు. బలవంతం చెయ్యొద్దు, పాస్టరుగారితో తిట్టించొద్దు. నాకూ అర్థం కాలేదురా అని మీరు నిజం ఒప్పుకోండి, తల్లి నోట ఆ మాట వింటే వాడికి సగం బరువు దిగుతుంది. నవంబరు 2న సమాధుల పండుగకి మీ వైపు సున్నం కొట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు కదా, అప్పటిదాకా కూడా ఆగక్కర్లేదు, ఏదో ఒక సాయంత్రం వాడితో కలిసి వెళ్ళి గడ్డి పీకి రండి. పనిలో ఉంటే మగపిల్లలు కాస్త నోరు తెరుస్తారు.

ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెద్దగా చెయ్యాలని, ఊరందరికీ భోజనాలని, మీరు లేచి దేవుడు ఎలా నిలబెట్టాడో బలంగా సాక్ష్యం చెప్పాలని అత్తగారి వైపు వాళ్ళు అంటున్నారట. హాస్పిటల్ అప్పు ఇంకా తీరలేదని మీరే రాశారు, మళ్ళీ షామియానాకి, బిర్యానీకి అప్పు చెయ్యడమేంటమ్మా? పాస్టరుగారికి ఇప్పుడే ఫోన్ చేసి "ఇంట్లోనే, దగ్గరివాళ్ళతో, ఒక పాట, వాక్యం, టీ, అంతే అయ్యగారూ, నేను మాట్లాడలేను" అని చెప్పెయ్యండి. ఆ మాట ఆయన చెప్తే మీ బావగారు కూడా కాదనలేరు.

అన్నట్టు, ఇంత పెద్ద ఉత్తరంలో అమ్మ గురించి ఒక్క వాక్యమే ఉంది. ఆయన దుఃఖం మధ్యలో ఆవిడ కోసం ఏడవడానికి మీకు టైమే దొరికినట్టు లేదు. డాక్టర్ని కలిసి వచ్చాక మళ్ళీ రాయండి, ఈసారి అమ్మ గురించి రాయండి.