సాలు గ్రామ్యమా?

సందేహం: గుంటూరులో ఒక భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. ఉపరితలాల బొమ్మ తీసే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ మెనూను విద్యార్థుల కోసం తెలుగులో పెడుతున్నాం. 'స్కాన్ లైన్'కు, అంటే దాని మొన నడిచే ఒక్కొక్క గీతకు, నేను 'సాలు' అని రాస్తే, అది గ్రామ్యం, 'క్రమవీక్షణ రేఖ' అనాలి, తప్పదంటే 'చాలు' అనాలి అన్నారు కొందరు. ఏది సరి? డేటా అక్విజిషన్‌కు 'దత్తాంశ సముపార్జన' బాగుంటుందా?

సమాధానం: వీక్షణమంటే చూడటం. మీ యంత్రంలో చూపెక్కడిదండీ? 1981లో జూరిచ్‌లో బిన్నిగ్, రోరర్ తయారుచేసిన ఈ మైక్రోస్కోప్‌లో కటకం లేదు, వెలుగుతో పని లేదు. సన్నటి మొన ఉపరితలానికి నానోమీటరులోపు ఎడంలో జరుగుతుంది. ఆ ఎడం నానోమీటరులో పదో వంతు మారితే మొనకూ ఉపరితలానికీ మధ్య పారే కరెంటు దాదాపు పదింతలు మారుతుంది. కరెంటు నిలకడగా ఉండేలా పీజోకు (వోల్టేజీ ఇస్తే రవ్వంత సాగే, కుంచించుకునే ముక్క) ఇచ్చే వోల్టేజీని సర్దుతూ మొనను పైకీ కిందికీ కదుపుతారు. ఆ సర్దుబాట్లను పోగుచేస్తే బొమ్మ వస్తుంది. దీన్ని తడమటం అనవచ్చు గానీ వీక్షణం అనడం తప్పు. నాలుగు సంస్కృతాక్షరాలు తగిలిస్తే శాస్త్రమైపోతుందనుకునే ఈ అలవాటు మనం మానుకోవాలి.

ఇక సాలు. అసలు రూపం చాలు, నాగటి చాలు. తమిళంలో సాల్, మలయాళంలో చాల్ అన్నా నాగలి గీసిన గాడే. కన్నడంలో సాలు అంటే రాతలోని పంక్తి కూడా. మడిలో పుట్టిన మాట అక్కడ పుస్తకంలోకి ఎక్కింది, ఎవరూ గ్రామ్యమని తోసెయ్యలేదు. సంస్కృతంలో సీత అన్నా నాగటి చాలే. అమరకోశం 'లాంగలపద్ధతి', అంటే నాగలి నడిచిన దారి, అని అర్థం చెప్పింది. జనకుడు దున్నుతుంటే చాలులో దొరికింది కనుకనే ఆ తల్లికి ఆ పేరు. అలాంటి మాట మెనూలో ఉండటానికి తగదా?

ఇంగ్లీషు మాటలైనా ఎక్కడివి? గీత పక్కన గీతగా మీ యంత్రం చేసే పనిని 'రాస్టర్ స్కాన్' అంటారు. రాస్టర్‌కు మూలం లాటిన్ 'రాస్ట్రుమ్', అంటే పళ్లున్న సేద్యపు పనిముట్టు, మన దంతెకు చుట్టం. స్కాన్ మొదట ఛందస్సు మాట, పద్యపాదాన్ని గణాలుగా విడదీసి చూడటం. పద్యపాదానికి వాళ్లు పెట్టుకున్న 'వెర్సుస్' అనే పేరుకు లాటిన్‌లో అర్థం నాగటి చాలు! వాళ్లు చేలోంచి తెచ్చుకున్నది శాస్త్రమూ, మనం తెచ్చుకుంటే మోటూనా? ప్రత్తిపాడు వైపు పత్తిచేలో సాళ్ల మధ్య గుంటక తోలే రైతును అడగండి, 512 సాళ్ల బొమ్మ అంటే ఏమిటో మీ విద్యార్థి కంటే ముందు ఆయన పట్టుకుంటాడు.

చకారం సకారమవడం గురించి. క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారతాయనే గసడదవాదేశ సూత్రం వేరే పదం తరవాత వచ్చే చకారానికే, విడిగా నిలబడ్డ మాటకు కాదు. ఆ లెక్కన 'చాలు' అన్నవారిది వ్యాకరణబలం. కానీ మన జిల్లాల వాడుకలో ఉన్నది సాలే. పైగా మెనూలో 'చాలు' కనిపిస్తే కుర్రవాడు స్కాన్ ఆపమంటోందనుకుంటాడు. అలాగని సాలుకు చిక్కు లేదనను. 'ఈ సాలు పంట' అన్నప్పుడు అది పారసీ నుంచి వచ్చిన సంవత్సరం. ప్రయోగశాలలో ఆ తికమక రాదు. నా మొగ్గు సాలు వైపే, అయినా చాలు రాసినవారిని తప్పు పట్టను.

ఒక్క జాగ్రత్త. దుక్కిలో ఎద్దులు మళ్లి వచ్చేది కొత్త సాలులో. మీ మొన మాత్రం పోయిన గీతమీదే వెనక్కి వచ్చి, ఆ తరవాత పక్క గీతకు జరుగుతుంది. పోకకు ఒక బొమ్మ, రాకకు ఒక బొమ్మ విడిగా దాస్తారు కదా. అందుకని వెనక్కి వచ్చేదానికి 'తిరుగుసాలు' అనండి, తిరుగుటపాలాగా.

స్కాన్‌ను స్కాన్‌గానే ఉంచండి. బెజవాడలో కూరలమ్మే ఆవిడకూ తెలిసిన మాట అది. సముపార్జన అంటే సంపాదించడం, అది డబ్బుకో పుణ్యానికో. మీకు డేటా సేకరణ సరిపోతుంది.