రిపోర్టు రాయడం నేర్పే ముందు పాత ఫైళ్లకు తాళం వేయండి

పోలీసు సిబ్బందికి రిపోర్టులు సరిగా రాయడం ఎలా నేర్పాలని అడిగారు. కృష్ణా జిల్లాలోని ఒక చిన్న స్టేషన్‌లో చాలా ఏళ్లు రైటరుగా, అంటే స్టేషన్ రాతకోతలు చూసేవాడిగా పనిచేసి, హెడ్ కానిస్టేబులుగా రిటైరైన వాణ్ణి. కొత్తగా వచ్చిన వాళ్లకు మొదటి ఆరు నెలలు పాత కేసు ఫైళ్లు చూపించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మన రాత చెడిపోయేది అక్కడే.

నేను చెడగొట్టిన కేసే చెబుతాను. గేదె పోయిందని ఒక ముసలమ్మ వచ్చింది. ఎడమ కొమ్ము చివర విరిగిందనీ, తోక కుచ్చు తెల్లగా ఉంటుందనీ, గౌరీ అని పిలిస్తే తల తిప్పుతుందనీ ఏడుస్తూ చెప్పింది. నేను పక్కనున్న పాత ఫిర్యాదు చూసుకుంటూ "సుమారు 5 సంవత్సరముల వయస్సు గల నల్లని గేదె ఒకటి, సదరు గేదెను గుర్తు తెలియని వ్యక్తులు అపహరించినారు" అని రాసి, చదివి వినిపించకుండానే ఆమె వేలిముద్ర వేయించాను. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసి, చదివి వినిపించాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సి.ఆర్.పి.సి.) 154వ సెక్షన్ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బి.ఎన్.ఎస్.ఎస్.) 173వ సెక్షన్ కూడా అదే చెబుతోంది.

గేదె దొరికింది. దాన్ని స్వాధీనం చేసుకున్నప్పుడు సాక్షుల ముందు రాసే పంచనామాలో ఎస్సై గారు కొమ్ము సంగతి శ్రద్ధగా రాశారు. అదే మా మెడకు చుట్టుకుంది. ఫిర్యాదులో లేని విరిగిన కొమ్ము పంచనామాలోకి ఎలా వచ్చిందనీ, గేదెను చూపించిన తరువాతే ముసలమ్మకు ఈ ఆనవాలు నేర్పారనీ ముద్దాయి తరఫు లాయరు వాదించారు. "నల్లగా లేని గేదె మీ ఊళ్లో ఉందా అమ్మా?" అని అడిగి, తరువాత "సదరు" అంటే ఎవరని అడిగారు. "ఆ పేరు గలవాళ్లు మా ఊళ్లో లేరు బాబూ" అందామె. కోర్టు హాలంతా నవ్వింది. నేను తల వంచుకున్నాను. కేసు కొట్టివేశారు.

ట్రైనింగులో ఇటువంటివి చెప్పరు. 2024 జూలై 1న కొత్త చట్టాలు అమలులోకి వచ్చాక మా మేనల్లుడు వెళ్లిన తరగతిలో, పాత సెక్షన్‌కు కొత్త నంబరేమిటన్న పట్టికతోనే పొద్దుపోయిందట. పోలీసులు సాక్షుల మాటలు రాసుకునే 161వ సెక్షన్ వాంగ్మూలం 180 అయినంత మాత్రాన, ముగ్గురు సాక్షులూ ఒకే వాక్యాన్ని అక్షరం తప్పకుండా చెప్పడం మానరు కదా! పూర్వం కాపీ కొట్టడానికైనా చేయి నొప్పి పుట్టేది. కంప్యూటరు వచ్చి ఆ శ్రమ కూడా తీర్చేసింది. ఇప్పుడు సోదాలనూ స్వాధీనాలనూ వీడియో తీయాలని బి.ఎన్.ఎస్.ఎస్. 105వ సెక్షన్ చెబుతోంది కనుక, పెంకుటింటి పంచనామాను డాబా ఇంటికి అతికిస్తే తప్పు తెరమీదే కనబడుతుంది.

నన్నడిగితే, ట్రైనీ చేతికి కలం ఇవ్వకుండా ఫిర్యాదిని పూర్తిగా చెప్పనివ్వాలి. ఆ తరువాత ఆమె మాటల్లోనే రాయించి, ఆమెకే చదివి వినిపించమనాలి. ఎక్కడ "నేనలా అనలేదు" అంటుందో అక్కడ కొట్టివేసి మళ్లీ రాయాలి. నెలకొక రోజు యూనిఫాం లేకుండా కోర్టులో వెనుక బెంచీ మీద కూర్చోబెట్టి, తన స్టేషన్ రిపోర్టు మీద జరిగే క్రాస్ ఎగ్జామినేషన్ వినిపించాలి. నాకు ఆ ఒక్కరోజే సరిపోయింది. ఆ తరువాత రిటైరయ్యే దాకా "సదరు" అన్న మాట రాయలేదు; అందుకు ఒక సి.ఐ. గారు నాకు భాష రాదని మెమో కూడా ఇచ్చారు.