కార్బన్-కార్బన్ రాకెట్ నాజిల్‌కి సిలికాన్ కార్బైడ్ పూత ఎందుకు వేస్తారు?

ప్రశ్న సబబే: కార్బన్-కార్బన్ అంటే కార్బన్‌లోనే కార్బన్ పీచులు పొదిగిన పదార్థం, నాజిల్ అంటే రాకెట్ వేడి వాయువులు బయటికి చిమ్మే గొట్టం; వేడికి అంతగా తట్టుకునే పదార్థానికి మళ్ళీ పూత ఎందుకు? కార్బన్‌కి వేడితో ఇబ్బంది లేదు, ఆక్సిజన్‌తోనే. ఆక్సిజన్ లేకపోతే 2,000 డిగ్రీల సెల్సియస్ దాటినా గట్టిగా నిలబడుతుంది. గాలి తగిలితే మాత్రం 500 డిగ్రీల దగ్గరే మెల్లగా కాలి, వాయువుగా మారిపోతుంది.

సిలికాన్ కార్బైడ్ కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది, కానీ అప్పుడు పైన పల్చటి సిలికా పొర ఏర్పడుతుంది. పుండు మీద చెక్కు కట్టినట్టే. ఆ పొరను దాటి ఆక్సిజన్ లోపలికి చేరడం చాలా కష్టం.

అసలు చిక్కు పగుళ్లతో. పూత కార్బన్ కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి చల్లారేటప్పుడు ఎక్కువగా ముడుచుకుని సన్నగా చీలుతుంది. స్పేస్ షటిల్ రెక్కల అంచుల్లో ఆ చీలికలను గాజులాంటి సిలికేట్‌తో పూడ్చారు. నా దృష్టిలో పూత వేయడం కన్నా ఈ పూడ్చడమే గొప్ప ఇంజనీరింగ్.

పీఎస్ఎల్వీ నాలుగో దశ కోసం ఇస్రో ఇలాంటి పూత వేసిన నాజిల్‌ను 2024లో పరీక్షించింది. కొలంబియం (నియోబియం అనే లోహం) మిశ్రమంతో చేసిన నాజిల్ బదులు దీన్ని వాడితే నాజిల్ బరువు దాదాపు 67 శాతం తగ్గుతుంది, రాకెట్ మరో 15 కిలోలు మోయగలుగుతుంది.