గైడు వద్దన్నావు సరే, గైడు పని ఎవరు చేస్తారు?

కావలి
మే నెల, ఆదివారం రాత్రి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఫోను పెట్టేసిన దగ్గర నుంచి మీ అత్తయ్య నన్ను వదలడం లేదు. ఆ పిల్లవాడికి గాలం పిచ్చి అంటించింది మీరే కదా, ఇప్పుడు సముద్రం దాటి వెళతానంటున్నాడు, మీరే ఏదో ఒకటి చెప్పండి అని ఒకటే పోరు. వద్దని చెప్పమని ఆమె ఉద్దేశం. నేను ఆ మాట అనను. ఎనిమిదేళ్ళ వయసులో తుమ్మలపెంట ఒడ్డున నీ చేతికి గాలపు తాడు చుట్టిన చెక్క ఇచ్చినవాడిని నేను, ఇప్పుడు వద్దంటే ఏం బాగుంటుంది? అయితే నువ్వు చెప్పిన ఏర్పాట్లలో కొన్ని నాకు మింగుడు పడలేదు. ఫోనులో చెబితే "సరే మామయ్యా" అని మరిచిపోతావు. అందుకే కాగితం తీశాను.

నలుగురు స్నేహితులు, లిటిల్ అండమాన్, పది రోజులు, గైడు లేకుండా. గైడు అడిగిన డబ్బుతో నలుగురికీ మంచి రాడ్లు వస్తాయన్నావు. నిజమే కావచ్చు. నేను అక్కడికి రెండుసార్లు వెళ్ళాను, మొదటిసారి గైడుతో, రెండోసారి అతను లేకుండా. అతను ఆ డబ్బు దేనికి తీసుకుంటాడో రెండోసారికి గానీ నాకు తెలియలేదు. చేపలున్న చోటు చూపించడానికైతే కాదు. ఆ సంగతి జెట్టీ దగ్గర టీ కొట్టులో కూర్చుంటే ఎవరైనా చెబుతారు.

లిటిల్ అండమాన్‌లో ఓడ ఆగే ఊరు హట్ బే. దానికి ఉత్తరాన ఒకచోట తీరం వెంట పగడపు దిబ్బ ఉంది. పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, దాని మీద నడుచుకుంటూ అంచు దాకా పోవచ్చు. అంచు అవతల నీళ్ళు ఒక్కసారిగా ముదురు నీలంగా మారతాయి. పెద్ద పార చేపలు తిరిగేది అక్కడే. రెండోసారి నేనూ నా మిత్రుడూ తెల్లవారగానే వెళ్ళాం. ఒడ్డుకూ దిబ్బకూ మధ్య ఒక పల్లపు పాయ, వెళ్ళేటప్పుడు అందులో నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. గంటసేపు ఏమీ లేదు. తరువాత నీళ్ళలో కదలిక మొదలైంది. కొయ్య ఎరను తరుముకుంటూ వచ్చిన పార వీపు, పలకంత వెడల్పున, ఎర పక్కనే పైకి లేచి మునిగింది. ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. మిత్రుడు రెండుసార్లు "నీళ్ళు తిరిగినట్టున్నాయి, పోదామా" అన్నాడు. ఇంకొక్కసారి విసిరి వస్తానన్నాను. ఆ ఒక్కసారి ఎన్నిసార్లయిందో లెక్క లేదు. వెనక్కి తిరిగి చూస్తే పాయ ఏరులా పారుతోంది. దిగితే నడుము, నాలుగడుగులు వేస్తే రొమ్ము. రాడ్డు నెత్తి మీద పెట్టుకుని, రెండో చేత్తో మిత్రుడి చొక్కా పట్టుకుని, కాళ్ళ కింద పగడపు కొమ్ములు గుచ్చుకుంటుంటే ఎలాగో ఒడ్డున పడ్డాం. మోకాలి దగ్గర గీసుకున్న చిన్న గాయం కావలి వచ్చాక కూడా మూడు వారాలు చీము పట్టి ఏడిపించింది.

ముందుసారి ఇదే చోట, చేప తగులుతూ ఉండగానే, గైడు "చాలు, పదండి" అన్నాడు. లోపల తిట్టుకుంటూ వెనక్కి నడిచాను. మనం అతనికి కూలి ఇచ్చేది ఆ రెండు మాటలకు.

కాబట్టి రాడ్ల సంగతి తరువాత. మీ నలుగురిలో ఆ మాట ఎవరు అంటారో ముందు తేల్చుకోండి. రోజుకొకరు వంతు వేసుకుంటే మంచిది. వంతు వచ్చినవాడు ఆ పూట గాలం ముట్టకూడదు. గడియారం, పోటుపాట్ల వేళలు రాసుకున్న చీటీ అతని దగ్గర ఉండాలి. అతను పదమంటే, తాడు చివర ఎంత పెద్ద చేప ఊగుతున్నా సరే, వాదన లేకుండా నడవాలి. నీ స్నేహితుల్లో ఒకతను ఏ మాటకూ ఒప్పుకోడని నువ్వే ఒకసారి చెప్పావు. మొదటి వంతు అతనికే ఇవ్వు.

నా అసలు బెంగ ఏమిటంటే, నువ్వు మన తీరం అలవాటుతో అక్కడికి పోతున్నావు. మన దగ్గర పోటుకూ పాటుకూ తేడా మీటరుకు అటూ ఇటూ. కింద ఇసుక. నీళ్ళు పెరిగితే నాలుగడుగులు వెనక్కి జరుగుతాం. అక్కడ అమావాస్య, పున్నమి వేళల్లో రెండు మీటర్ల దాకా లేస్తుంది. లేచేది కూడా నీ ముందు నుంచి కాదు, వెనక పల్లం నుంచి నిండుకుంటూ వస్తుంది. తుమ్మలపెంట వేటగాళ్ళు నేర్పిన తిథుల లెక్క అక్కడా పనికొస్తుంది. పున్నమి, అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులు పోటు బలంగా ఉంటుంది, అష్టమి దగ్గర మందగిస్తుంది, వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోర్ట్ బ్లెయిర్ పోటుపాట్ల పట్టిక దగ్గర పెట్టుకోండి. నీరు అడుగంటడానికి రెండు గంటల ముందు దిబ్బ ఎక్కి, తిరుగు ముఖం పట్టగానే దిగేయాలి. ఇంకొక సంగతి, గడియారం ఇక్కడిదే అయినా అక్కడ పొద్దు మనకంటే దాదాపు 50 నిమిషాలు ముందే కుంకుతుంది. సాయంత్రం ఐదు గంటలు కదా, ఇంకా వెలుగు ఉంటుందిలే అనుకుంటే మోసపోతావు.

మొగల విషయం, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట్ల సంగతి, మరీ ముఖ్యం. పెన్న మొగ దగ్గర పండుగప్ప కోసం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పెరిగినవాళ్ళం మనం. వాగు సముద్రంలో కలిసే చోటు కనబడితే కాలు దానంతట అదే అటు పోతుంది. లిటిల్ అండమాన్ వాగుల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్న చోటే కాదు, మడ చెట్లున్న ఏ వాగు దగ్గరా నీళ్ళలోకి దిగవద్దు. పట్టిన చేపను నీటి అంచున కూర్చుని శుభ్రం చేయవద్దు. సందె వేళ అసలు అటువైపు పోవద్దు.

ఇక నవంబరు. దీపావళి సెలవులు కలిసి వస్తాయన్నావు. సెలవులు కలిసి వస్తాయి గానీ సముద్రం కలిసి రావద్దూ? 1989 నవంబరులో కావలిని ఊడ్చిపెట్టిన తుపాను థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, అండమాన్ సముద్రం దాటుకుని ఇక్కడ తీరం తాకింది. మన పాత ఇంటి మీద ఒక్క పెంకు మిగలలేదు. మీ అమ్మను అడిగితే, ఆ రాత్రి బియ్యం డబ్బాను మంచం కింద పెట్టి తను దాని మీద పడుకున్న కథ చెబుతుంది. మన ఇంటికి వచ్చే తుపాను దారిలో పది రోజులు కూర్చుంటానంటున్నావు నువ్వు. ఫిబ్రవరికి మార్చుకో. ఈశాన్య గాలులు తగ్గి, నైరుతి ఇంకా రాని రోజులు అవి. అప్పుడు కూడా ఇన్‌కాయిస్ వాళ్ళు ఇచ్చే అలల ఎత్తు, గాలి సూచనలు రోజూ చూడు. ఆ సంస్థ మన హైదరాబాదులోదే, అండమాన్‌కూ సూచనలు ఇస్తుంది.

ఫిబ్రవరిలోనైనా పదికి పది రోజులూ చేపలకే రాసిపెట్టావు చూడు, అది కుదరదు. చెన్నై నుంచి విమానంలో రెండు గంటల చిల్లరలో పోర్ట్ బ్లెయిర్‌లో దిగుతారు. (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, టికెట్ల మీద ఏది కనబడినా కంగారు పడకు.) అక్కడి నుంచి హట్ బేకు ప్రభుత్వ ఓడ. వాతావరణం బాగాలేకపోతే అది కదలదు, ఎవరిని బతిమాలినా కదలదు. వెళ్ళేటప్పుడు ఆగిపోతే చేపల రోజు ఒకటి పోతుంది, అంతే. వచ్చేటప్పుడు ఆగిపోతే విమానం టికెట్టు, ఆఫీసు సెలవు, ఉన్న డబ్బు అన్నీ ఒకేసారి పోతాయి. ఓడ దిగిన మర్నాడే విమానం పెట్టుకోకు. మధ్యలో రెండు రోజులు ఖాళీగా వదులు. పది రోజుల్లో ఆరు రోజులు గాలం వేయగలిగితే అదృష్టమనుకో.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన రోజే రెండు పనులు చేసుకోండి. మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్ళి, ఎక్కడ గాలం వేయవచ్చు, ఏ కాగితం కావాలి అని అడగండి. వండూరు వైపు సముద్ర జాతీయ పార్కు ఉంది, దాని జోలికి పోకూడదు. లిటిల్ అండమాన్‌లో ఓంగే తెగవారి రక్షిత ప్రాంతం ఉంది. 1956 నాటి నిబంధన ప్రకారం అనుమతి లేకుండా అందులో అడుగు పెట్టడం నేరం. పడవ మీద పోతున్నా దాని హద్దు ఎక్కడో తెలిసి ఉండాలి. రెండో పని జంగ్లీఘాట్ రేవుకు పోవడం. అక్కడ తెలుగు మత్స్యకారులు ఉన్నారు. శ్రీకాకుళం వైపు యాస వినబడితే ధైర్యంగా మాట కలుపు. మనం వంజరం అనేదాన్ని వాళ్ళు కోనాం అంటారు, ఆ తేడా మీద నవ్వుకుంటే చాలు, సగం పరిచయం అయిపోతుంది. ఏ వైపు అలలు లేస్తున్నాయో, హట్ బేలో ఎవరి పడవ నమ్మవచ్చో ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఒక్క రోజుకైనా పడవ తీసుకోక మానరని నాకు తెలుసు. మన తీరంలోనే ఒకసారి మాటలు నమ్మి ఎక్కిన పడవలో ఇంజను ఆగిపోయింది. లంగరు ఉంది గానీ తాడు నేలను అందలేదు. మూడు గంటలు గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయాం. అప్పటి నుంచి పడవ ఎక్కే ముందు లంగరు తాడు ఎన్ని బారలని అడుగుతాను, తెడ్లు ఉన్నాయా అని వంగి చూస్తాను. పడవవాడు చిరాకు పడితే పడనీ. ఇంధనంలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోకూడదు. లైఫ్ జాకెట్లు ఇక్కడి నుంచే పట్టుకుపో.

సామాను గురించి నీకు నాకంటే ఎక్కువ తెలుసు, అందుకని నాలుగు మాటలే. రాడ్లకు ఖరీదైన పెట్టె కొనకు. నాలుగంగుళాల పీవీసీ గొట్టం కోయించి రెండు వైపులా మూతలు పెట్టించు. గాలాలు, కత్తెరలు, పట్టకార్లు విమానంలో కింద వేసే సామానులో, పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలో. అల్లిక తాడు పగడానికి తగిలితే దారంలా తెగుతుంది, దాని ముందు మందపాటి నైలాను తాడు ఒకటిన్నర బార కట్టు. రీలు బిగింపు తాడు బలంలో మూడో వంతు దగ్గర పెట్టి, ఇంటి దగ్గరే తూకపు కాటాతో లాగి చూసుకో. ప్రతి గాలం కొనలో వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేయి. చేపలు జారిపోతాయని మీవాళ్ళు గోల చేస్తారు, చేయనీ. నా బొటనవేలి మీద మచ్చ నువ్వు చూశావు కదా, ఆ ముల్లు నొక్కని గాలం అది. కండలోకి దిగినదాన్ని వెనక్కి లాగడం కుదరక, ముందుకు పొడిచి కొన బయటికి తెప్పించి, ముల్లు కత్తిరించి, అప్పుడు తీశారు. ఆసుపత్రి పక్కన ఉండబట్టి సరిపోయింది. మీరు నిలబడే దిబ్బ పక్కన కొబ్బరి చెట్లు తప్ప ఏమీ ఉండవు. తీగలు తెంచే కటింగ్ ప్లయర్ ఒకటి పెట్టుకో. టీటీ ఇంజెక్షను వెళ్ళే ముందే చేయించుకో. జెల్ల ముల్లో టేకు చేప ముల్లో గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి నీళ్ళలో గంటసేపు ఉంచితే నొప్పి దిగుతుంది, తరువాత డాక్టరు దగ్గరికి పోవాలి.

పెద్ద పార పడితే ఫోటో తీసుకుని వదిలేయండి. మొప్పల్లో వేళ్ళు పెట్టి ఎత్తకుండా, నీళ్ళలోనే తడి చేతులతో పట్టుకోవాలి. వదిలేయమనేది దయ కోసమే కాదు. పగడపు దిబ్బల మీద పెరిగిన పెద్ద చేపల్లో ఒక్కోసారి ఎంత వండినా పోని విషం ఉంటుంది. బంతిలా ఉబ్బే చేపను అసలు సంచిలో వేయవద్దు. పులుసుకు చిన్నవి చాలు, అవి కూడా ఆ ఊరివాళ్ళు తినేవే. చింతపండు, కారం ఇక్కడి నుంచి తీసుకుపో. గవ్వలు, పగడాల ముక్కలు ఏరుకుని సంచిలో వేసుకోవద్దని నీ స్నేహితులకు చెప్పు, విమానాశ్రయంలో పట్టుకుంటారు.

2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక హట్ బేలో ఫోను బాగానే పనిచేస్తోంది. ఊరు దాటితే నమ్మవద్దు. రోజూ పొద్దున బస చేసిన చోట ఒక కాగితం మీద ఎటు పోతున్నారు, ఎన్ని గంటలకు వస్తారు అని రాసి ఇవ్వండి. అదే మాట నాకూ పంపు. చెప్పిన వేళ దాటి రెండు గంటలైతే నేను కోస్ట్ గార్డు నంబరు 1554కు ఫోను చేస్తాను. నువ్వు టీ కొట్టులో కూర్చుని ఉన్నా సరే, చేసే తీరతాను. తరువాత సిగ్గుపడేది నువ్వే.

ఈ నెలాఖరున రెండు రోజులు సెలవు పెట్టి, ఆ కొత్త రాడ్లతో నలుగురూ ఇక్కడికి రండి. తెల్లవారుజామున నాలుగింటికి తుమ్మలపెంట పోదాం. పాత బూట్లు తెచ్చుకోండి. ఎనిమిది కాగానే నేను పదమంటాను, ఎవరు ఎంతసేపు సణుగుతారో చూస్తాను. పులుసులోకి పుల్లటి మామిడికాయలు తెప్పించి పెడతానని మీ అత్తయ్య అప్పుడే మాట ఇచ్చేసింది. జూన్ 14 దాకా మరబోట్ల వేటకు నిషేధం, బజారులో మంచి చేప దొరకదు. కాబట్టి పులుసు ఉంటుందా లేదా అన్నది మీ నలుగురి చేతుల్లో ఉంది.

ఇట్లు,
మామయ్య