అంతరించిపోతున్న నది చేపలను కాపాడుతూనే కొత్త నీటి పథకాలకు అనుమతి ఇవ్వడం ఆచరణలో సాధ్యమేనా?

సాధ్యమే. అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు పశ్చిమ ప్రాంతంలో సాగునీటి కాలువల నిర్వహణలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను కనుక, కళ్లారా చూసినదాన్ని బట్టే ఈ మాట చెబుతున్నాను.

హంప్‌బ్యాక్ చబ్, బోనీటెయిల్, రేజర్‌బ్యాక్ సక్కర్, కొలరాడో పైక్‌మిన్నో అనే నాలుగు చేపలూ కొలరాడో నది పరీవాహకానికే సొంతం. వీటి కోసం 1988లో కొలరాడో, యూటా, వయోమింగ్ రాష్ట్రాలు, ఫెడరల్ ప్రభుత్వం ఒప్పందం చేసుకోగా, నీటి వినియోగదారులు, జలవిద్యుత్ వర్గాలు, పర్యావరణ సంఘాలు అందులో భాగస్వాములయ్యాయి. ప్రతి కొత్త పథకానికీ విడిగా కోర్టు మెట్లెక్కే బదులు, చేపలు కోలుకోవడానికి అందరూ కలిసి చేసే పనే ఆ పథకాలకు చట్టపరమైన రక్షణగా నిలుస్తుంది. గ్రాండ్ జంక్షన్ పట్టణం వద్ద 15 మైళ్ల కొలరాడో నది భాగానికి సంబంధించి 1999లో ఇచ్చిన అనుమతి, ఎగువన అప్పటికే ఉన్న వాడకంతోపాటు కొత్తగా 1,20,000 ఎకరపుటడుగుల వాడకానికి, అంటే మన లెక్కలో సుమారు 5.2 టీఎంసీలకు, దారి తెరిచింది.

కొలరాడోకు ఉపనది అయిన గన్నిసన్‌పై ఉన్న రెడ్‌ల్యాండ్స్ ఆనకట్టకు 1996లో ఫిష్ ల్యాడర్, అంటే చేపలు ఆనకట్ట దాటి ఎగువకు ఎక్కే మెట్ల దారి, కట్టారు. అక్కడ పనిచేసే జీవశాస్త్రవేత్త పిలిస్తే ఒక ఉదయం వెళ్లాను. మెట్లు ఎక్కి వచ్చిన చేపలు పై తొట్టెలో చేరతాయి; సిబ్బంది ఒక్కొక్కదాన్నే వలతో ఎత్తి, స్థానిక జాతి అయితే ఎగువకు వదులుతారు, బయటి జాతి అయితే పక్కకు తీస్తారు. చాలాసేపు మామూలు సక్కర్లే వచ్చాయి. తరువాత తల వెనుక పడవ అడుగులా పదునుగా లేచిన మూపుతో ఒక రేజర్‌బ్యాక్ వచ్చింది. చర్మం కింద ఎముక గట్టిగా వేలికి తగిలింది. చిప్ చదివే రీడరును పొట్ట దగ్గర పెట్టగానే కీచుమని మోగి, లోపలి చిప్ సంఖ్య తెరపై కనిపించింది. కొలిచి, రాసుకుని, ఎగువ నీటిలో వదిలారు. అంతసేపూ పక్కనే కాలువ నిండుగా పారుతూనే ఉంది. చేప కోసం కాలువను ఎండబెట్టాలని వాదించేవారికీ, కాలువ కోసం చేపను వదిలేయాలనేవారికీ ఆ చోటు ఒక్కసారైనా చూపించాలి.

ఎన్ని టీఎంసీలు అన్నదానికన్నా ఏ నెలలో అన్న ప్రశ్నే చేపకు ప్రాణం. ఆ 15 మైళ్ల భాగంలో వేసవి చివర కాలువలు నీటిని తోడుకోగా నది సన్నబడుతుంది. వర్షాభావ సంవత్సరాల్లోనైనా 810 క్యూసెక్కులు ఉండాలన్నది లక్ష్యం. అందుకే గ్రీన్ మౌంటెన్ జలాశయంలో రైతుల అవసరాలు తీరగా మిగిలిన నీటిని సరిగ్గా ఆ వారాల్లోనే వదిలేలా చూస్తారు. కొలరాడోకు మరో ఉపనది అయిన గ్రీన్ నదిపై ఉన్న ఫ్లేమింగ్ గార్జ్ డ్యాం నుంచి 2012 మొదలు వసంతకాలపు వరద నీటిని రేజర్‌బ్యాక్ పిల్లలు కనిపించిన తరువాత విడుదల చేయడం ఆరంభించారు. అప్పుడే ఆ పిల్లలు నీటితోపాటు పక్కనున్న చిత్తడి నేలల్లోకి చేరి పెరుగుతాయి. కొత్త పథకాల నివేదికల్లో ఏడాది సగటు ప్రవాహాన్ని మాత్రమే చూపి సరిపెట్టేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఆగస్టులో ఎండిన నదిని ఆ సగటు దాచేస్తుంది.

అయితే నీరు సమకూరినా బయటి చేపలు మిగలనివ్వవు. గాలం వేసే సరదా కోసం ఎవరో తెచ్చి వదిలిన నార్తర్న్ పైక్, స్మాల్‌మౌత్ బాస్ స్థానిక చేపల పిల్లలను మింగేస్తున్నాయి. వాటిని ఏరివేయడానికి ఏటా పడవల్లో తిరుగుతున్న సిబ్బంది శ్రమను వార్తల్లో ఎవరూ పట్టించుకోరు, డ్యాంల మీద మాత్రం వాదనలు తెగవు. హంప్‌బ్యాక్ చబ్ 2021లో అంతరించే ప్రమాదమున్న జాబితా నుంచి ఒక మెట్టు దిగి ముప్పున్న జాతిగా మారింది. మరుసటి ఏడాదే, కొలరాడో నదిపై గ్లెన్ కాన్యన్ డ్యాం వెనుక ఉన్న జలాశయమైన పవెల్ సరస్సు మట్టం పడిపోయి, పైపొరల వెచ్చని నీటితోపాటు బాస్ చేపలు టర్బైన్ల గుండా డ్యాం దిగువకు చేరి, గ్రాండ్ కాన్యన్‌లోని అదే చబ్‌కు ముప్పుగా మారాయి. ఆ బాస్ చేపల సంతానం పెరగకుండా 2024లో కొంత విద్యుత్తును వదులుకొని, లోతు నుంచి చల్లని నీటిని వదిలారు.