పికప్ కొన్న మేనల్లుడికి: వెనక బాడీ ఊపు గురించి

చిరంజీవి శ్రీనివాసుకు విజయవాడ నుంచి మామయ్య ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి రాసిన ఉత్తరం అందింది. బండి కొని నెల తిరగకముందే, గతుకు తగిలినప్పుడల్లా వెనక బాడీ క్యాబిన్‌తో సంబంధం లేనట్టు ఊగుతూ అద్దంలో కనబడుతోందనీ, అది చూసిన ఒకాయన బాడీని క్యాబిన్ వెనక గోడకు కలిపి వెల్డింగ్ కొట్టిస్తే ఊపు ఆగిపోతుందని చెప్పాడనీ రాశావు. మిగతా సంగతులు తర్వాత చెబుతాను కానీ, ముందు ఆ వెల్డింగ్ ఆలోచన పూర్తిగా మానుకో. ఇక్కడి జవహర్ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా బాడీలు కట్టినవాడిగా, అలాంటి పనులు ఎక్కడికి దారితీస్తాయో కళ్లారా చూసినవాడిగా చెబుతున్నాను.

నువ్వు ఇన్నాళ్లూ నడిపింది కారు. కారులో నేల, తలుపుల చట్రం, పైకప్పు అన్నీ కలిసి ఒకే పెట్టెగా తయారవుతాయి. పికప్ కట్టుబడి అలాంటిది కాదు. అడుగున నిచ్చెనలాంటి ఛాసిస్ ఉంటుంది: పొడుగునా రెండు ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ మెట్లలాగా క్రాస్ మెంబర్లు. ఆ నిచ్చెన ముందు భాగం మీద రబ్బరు బుష్‌లు వేసి క్యాబిన్ కూర్చోబెడతారు, వెనక భాగం మీద బాడీని వేరేగా బోల్టులతో బిగిస్తారు. రెండింటికీ మధ్య వదిలిన సందు చూశావు కదా, అది పనివాడి పొరపాటు కాదు. నిచ్చెన మెలి తిరిగినప్పుడు క్యాబిన్, బాడీ ఒకదానికొకటి తగలకుండా ఉండడానికే దాన్ని కావాలని వదులుతారు.

మెలి తిరగడం అంటే ఏమిటో చేత్తో తెలుసుకోవాలంటే ఇంట్లో మిఠాయి అట్టపెట్టె ఒకటి తీసుకో. మూత పెట్టి చుట్టూ దారంతో గట్టిగా కట్టి, రెండు చివరలూ పట్టుకుని తడిబట్ట పిండినట్టు తిప్పి చూడు. అది సులభంగా లొంగదు. మూత తీసేసి మళ్లీ తిప్పు; ఒక మూల పైకి లేస్తే దాని పక్క మూల కిందికి దిగుతుంది, గోడలు వంకర పోతాయి. నీ బండి వెనక బాడీ మూత లేని పెట్టె. పైగా మూడు వైపులా తెరుచుకునే డోర్లు ఉన్నాయి కనుక దాని గోడలు కూడా ఒకదానికొకటి పూర్తిగా అతుక్కుని లేవు. దాని కింద ఉన్న దూలాలు ఒక పక్క తెరిచి ఉండే సీ ఆకారపు ఛానళ్లయితే, అవి బరువుకు కిందికి వంగకుండా బాగా నిలబడతాయి కానీ, నాలుగు వైపులా మూసిన గొట్టంతో పోలిస్తే మెలికకు చాలా తేలికగా లొంగుతాయి.

ఇక మన గుంటూరు పల్లెల రోడ్ల సంగతి నీకు నేను చెప్పాలా! అడుగున నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగి నెర్రెలిస్తుంది. అందుకే పైన తారు ఎంత బాగా వేసినా కొన్నాళ్లకు రోడ్డు అలలు అలలుగా తయారై, ఒక అంచు దిగబడిపోతుంది. అలాంటి చోట కుడి వెనక చక్రం పల్లంలోకి దిగుతుండగా ఎడమ చక్రం మిట్ట మీద ఉంటుంది, ముందు చక్రాలు అప్పటికే సమంగా ఉన్న చోటికి చేరి ఉంటాయి. ఛాసిస్ వెనక కొస ఒక వాలులో, ముందు కొస ఇంకో వాలులో ఉన్నాయన్నమాట. నువ్వు ముందు కొస మీద కూర్చుని వెనక కొసను అద్దంలో చూస్తున్నావు. నీతోపాటు క్యాబిన్ కూడా కదులుతున్న సంగతి నీ కంటికి తెలియదు కనుక ఊపంతా బాడీదే అనిపిస్తుంది. రోడ్డు పక్కన నిలబడి నీ బండిని వేరొకరి చేత నడిపించి చూస్తే రెండూ చెరో వైపు ఒరిగి మళ్లీ సర్దుకోవడం స్పష్టంగా కనబడుతుంది.

ఆ లొంగుబాటు వల్ల మేలే ఉంది. చక్రాలు నేలను వదలకుండా ఉంటాయి, మెలిక బలం ఏ ఒక్క అతుకు మీదా పడకుండా దూలం పొడుగునా పంచుకుపోతుంది. ఒకచోట కదలకుండా బిగించేస్తే ఆ బలమంతా బిగించిన చోటు అంచుకే వెళ్లి చేరుతుంది. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టుకున్న కొత్తలో, ఒక బండి యజమాని ఊపు తగ్గించమని అడిగితే ఛాసిస్ దూలం కింది అంచుకు మందపాటి ఉక్కు పట్టీ పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా వెల్డింగ్ చేశాను. కొన్ని నెలలకు ఆయన బండిని తోలుకొచ్చాడు. పట్టీ చెక్కుచెదరలేదు. పట్టీ ఎక్కడ ముగిసిందో సరిగ్గా అక్కడ, వెల్డింగ్ వేడికి బలం తగ్గిన చోట, దూలానికి వెంట్రుకంత సన్నని పగులు అంచున మొదలై పైకి పాకి ఉంది. ఆయన లోడుతో కృష్ణా వారధి దాటి వచ్చానని చెబుతుంటే నాకు నోట మాట రాలేదు. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా ఛాసిస్ పై అంచుకుగానీ కింది అంచుకుగానీ వెల్డింగ్ చేయలేదు, రంధ్రం వేయలేదు.

మెలిక ఒక కారణమైతే, కమాన్లు, అంటే వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఉక్కు పట్టీల కట్టలు, రెండో కారణం. టన్నుకు పైగా మోయడానికి తయారైన కమాన్ కట్ట మీద ఇప్పుడు ఖాళీ బాడీ తప్ప ఏమీ లేదు. కమాన్ బిగువు మారకుండా దాని మీది బరువు నాలుగింతలైతే, అది పైకీ కిందికీ ఊగే వేగం సగానికి తగ్గుతుంది. బరువు తీసేస్తే అదే లెక్కన ఊపు చురుకై ఎగురుడుగా మారుతుంది. మిర్చి యార్డుకు 30 టిక్కీల (బస్తాల) మిర్చి వేసుకెళ్లావనుకో, టిక్కీకి 40 నుంచి 45 కిలోల చొప్పున 1,200 నుంచి 1,350 కిలోలవుతుంది. ఆ బరువుతో వెళ్లేటప్పుడు మెత్తగా సాగిన బండే, దింపి తిరిగి వచ్చేటప్పుడు ప్రతి గతుక్కీ ఎగిరిపడుతుంది. బండిలో ఏదో చెడిపోయిందని అప్పుడు కంగారు పడకు. దానికి తోడు, కట్టలోని పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ కదలాలి కదా. చిన్న గతుకు ఆ రాపిడిని దాటించలేదు, కనుక కట్ట మొత్తం ఒకే ఇనుప ముద్దలా ఉండి దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది. టోల్‌గేటు ముందు వేసే వరుస గీతల మీద బాడీ గడగడలాడేది అందుకే. పైగా రెండు వెనక చక్రాలనూ కలిపే బరువైన హౌసింగ్ ఒక్కటే కనుక, ఒక చక్రానికి తగిలిన దెబ్బ రెండోదాన్నీ కదిలిస్తుంది. ఎక్కువ బరువు మోయవచ్చన్న ఆశతో కమాన్ కట్టకు అదనపు పట్టీ వేయించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఖాళీగా తిరిగే ప్రతిసారీ ఛాసిస్‌కు పడే దెబ్బను తామే పెంచుకుంటున్నారు. నువ్వు ఆ దారి పట్టకు.

అలాగని ప్రతి ఊపునూ సహజమని వదిలేయకూడదు. నీ బండి సెకండ్ హ్యాండ్‌ది కనుక ఈ మాట మరీ గట్టిగా చెబుతున్నాను. సహజమైన ఊపుకు చప్పుడు తక్కువ, అది ఒకటి రెండు ఊగులకు సర్దుకుంటుంది. టంగుమని ఇనుము మీద ఇనుము కొట్టుకున్న శబ్దం వచ్చినా, గతుకు దాటాక కూడా బండి మూడు నాలుగు సార్లు ఊగుతూనే ఉన్నా, ఖాళీ బండి తిన్నగా వెళుతూ వెనక భాగం పక్కకు లాగుతున్నట్టున్నా కారణం వెతకాలి. పట్టపగలు బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, టార్చిలైటుతో కిందికి దూరు. బాడీని ఛాసిస్‌కు పట్టి ఉంచే ఒక్కో బోల్టు దగ్గరా ఆగి చూడు. వదులైన బోల్టు తన సంగతి తానే చెబుతుంది: వాషరు చుట్టూ కుంకుమ రంగు తుప్పు పొడి రాలి ఉంటుంది, లేదా రంగు పోయి ఇనుము అద్దంలా మెరుస్తూ ఉంటుంది. అనుమానం వస్తే నట్టుకూ ఛాసిస్‌కూ కలిపి వేలు ఆనించి, ఇంకొకరి చేత బాడీని పక్కలకు ఊపించు. కదలిక ఉంటే నీ వేలికి తెలిసిపోతుంది. బాడీకీ ఛాసిస్‌కూ మధ్య పెట్టిన రబ్బరు నలిగి జారిపోయి ఉంటే ఊరికే బోల్టు బిగించి లాభం లేదు, రబ్బరు మార్చాకే బిగించాలి. మార్చే బోల్టు తల మీద పాతదాని మీద ఉన్న అంకెలే ఉండాలి, బోల్టు బలాన్ని తెలిపే 8.8 అనే అంకె ఉన్నచోట చవకగా దొరికిందని మామూలు బోల్టు వేయించకు.

తర్వాత కమాన్ల దగ్గరకు వెళ్లు. కమాన్ కట్టను హౌసింగ్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు వదులైతే, పట్టీల నడుమ గుచ్చిన సెంటర్ బోల్టు మీద భారం పడుతుంది. అది తెగితే హౌసింగ్ పక్కకు జరిగి, వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు. కమాన్ పని చేయించిన ప్రతిసారీ, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించమని అడుగు, ఎందుకంటే కొత్తగా అమర్చిన పట్టీలు సర్దుకుని బిగింపు తగ్గుతుంది. కమాన్ కొసను ఛాసిస్‌కు కలిపే షాకిల్‌లోని బుష్‌లను టామీ రాడ్డుతో (ఇనుప కడ్డీతో) ఎత్తి, వదులున్నాయేమో చూడమను. షాక్ అబ్జార్బరు ఒంటి మీద నూనె కారి దుమ్ము పేరుకుని ఉంటే అది పని చేయడం మానేసిందనే లెక్క. రెండు వైపులా కలిపి మార్చు.

నడిపే తీరులోనూ కొంత ఉంది. స్పీడ్ బ్రేకర్‌ను కొందరు కారు దాటించినట్టు ఏటవాలుగా దాటిస్తారు. పికప్‌ను అలా దాటిస్తే చక్రాలు ఒక్కొక్కటిగా ఎక్కి దిగి ఛాసిస్‌ను నాలుగు సార్లు మెలిపెడతాయి, కనుక తిన్నగా, నెమ్మదిగా ఎక్కించు. నాలుగున్నర మీటర్ల ఎడంతో కోతలున్న సిమెంటు రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళితే సెకనుకు మూడు, నాలుగు దెబ్బలు తగులుతాయి. ఆ లెక్క బండి సొంత ఊపుతో కలిసిందంటే ఊపు పెరుగుతూ పోతుంది. అక్కడ వేగం పదో పదిహేనో తగ్గించి చూడు, ఊపు దానంతట అదే సద్దుమణుగుతుంది. గాలి, డ్రైవర్ డోరు దగ్గర అంటించిన కాగితంలో ఉన్నంతే కొట్టించు, అదీ పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు.

వేసవిలో విజయవాడ దగ్గరి నున్న నుంచి మామిడి కూడా వేస్తానని రాశావు. బాడీలో అన్నిటికంటే ఎక్కువగా ఎగిరేది వెనక ఇరుసుకు అవతల, డోరు దగ్గరి చోటు. అన్నిటికంటే నెమ్మదిగా ఉండేది క్యాబిన్‌ను ఆనుకున్న చోటు. పండుకు దగ్గరైన కాయల ట్రేలు క్యాబిన్ వైపు, గట్టి కాయలు వెనక వైపు పెట్టించు. మిర్చి టిక్కీలు బరువు తక్కువైనా ఎత్తు పెరుగుతాయి కనుక, తాడు బాడీ కొక్కేలకే కట్టించు. క్యాబిన్ మీదికి లాగి కట్టిస్తే ఆ రెండింటి మధ్య వదిలిన సందును మళ్లీ తాడుతో బిగించినట్టే అవుతుంది.

వచ్చే ఆదివారం బండిని ఖాళీగా, కింద మట్టి కడిగించి ఇక్కడికి తీసుకురా. నేను చెప్పిన బోల్టులు వచ్చేలోపు నువ్వే చూసి, అనుమానం ఉన్నవాటి పక్కన సుద్దముక్కతో గీత పెట్టు. అక్కయ్యనూ బావగారినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య